ఎడమచేతి పువ్వులు

నేను అడిగింది ఒక్కటే ప్రశ్న. దానికి ఇంతవరకూ జవాబు రాలేదు. రాలేదంటే ఎవరూ మాట్లాడలేదని కాదు. చాలామంది మాట్లాడారు. దండం పెట్టిన చేతుల బొమ్మలు పంపారు, తామరపువ్వులు పంపారు, నా కోపం తగ్గాలంటే ముక్కులో ఏ పక్కనుంచి గాలి పీల్చాలో కూడా చెప్పారు. జవాబు మాత్రం చెప్పలేదు. అందుకని ఫోను గ్రూపులో అడగడం మానేసి ఇక్కడ, అచ్చులో, అడుగుతున్నాను. అచ్చయినదాన్ని వేలితో నొక్కి మాయం చేయడం ఎవరివల్లా కాదు.

నా సంగతి ముందే చెప్పడం మంచిది. ధవళేశ్వరంలో నీటిపారుదల కార్యాలయంలో ఉత్తరాలు రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. వచ్చిన ప్రతి ఉత్తరానికీ ఒక జవాబు వెళ్ళాలన్నది అక్కడి పద్ధతి. ఫలానా కాలువ మీద తూము తలుపు తుప్పుపట్టిందని రైతు రాస్తే, బాగుచేస్తామనో, డబ్బు మంజూరు కాలేదనో, ఆ తూము మా పరిధిలోది కాదనో రాసేవాళ్ళం. 'తుప్పు కూడా ఒక రంగే' అని ఎవరికీ రాయలేదు.

నాకు మరపు తక్కువని ఇంట్లో అంటారు. నిజమే. నా రిటైర్మెంటు సభలో నా మెడలో వేసిన దండ అంతకుముందు పై అధికారిగారి మెడలోంచి తీసి బల్ల మీద పెట్టినదే. ఎవరూ గమనించలేదనుకున్నారు, నేను గమనించాను. సామర్లకోటలో ఒక పెళ్ళిలో నా విస్తరి దాటేసి పక్కాయనకు రెండు బూరెలు వేసిన మనిషి ముఖం ఇప్పటికీ గుర్తుపట్టగలను. కానీ ఇప్పుడు రాస్తున్నది నాకు జరిగిన అవమానం గురించి కాదు. మా అక్క గురించి. అందుకే ఇది మరీ మింగుడుపడటం లేదు.

అక్క నాకంటే చాలా పెద్దది. మాది నరసాపురం దగ్గర పల్లె. అమ్మ పొలానికి వెళితే నన్ను చంకనేసుకుని తిరిగిందీ, అరుగు మీద కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిందీ ఆవిడే. ఆ అరుగు మీదే ఆవిడ లేసు అల్లేది. మా వైపు ఆడపిల్లలకు సూది పట్టే వయసు వచ్చిందంటే చేతిలో తెల్లదారపు ఉండా, చివర కొక్కెమున్న చిన్న సూదీ ఉండేవి.

లేసుపనిలో ఒక పద్ధతి ఉంది. పువ్వులు అల్లేవాళ్ళు పువ్వులే అల్లుతారు. ఆ పువ్వుల్ని ఒకదానితో ఒకటి కలిపి తెరో, దుప్పటో చేసేవాళ్ళు వేరే ఉంటారు. ఆ పనిని అతుకు అంటారు. పువ్వు ఒక ఊళ్ళో, అతుకు ఇంకో ఊళ్ళో. మధ్యలో ఏజెంటు సైకిలు మీద తిరిగి దారం తూచి ఇచ్చేవాడు, పువ్వులు సంచిలో కట్టుకుపోయేవాడు. వీళ్ళకీ వాళ్ళకీ పరిచయం కానిచ్చేవాడు కాదు. ఇద్దరూ కలిస్తే తనతో పని లేకుండా పోతుందని భయం. అలా ఊహ తెలిసినప్పటినుంచీ పువ్వులు అల్లిన మా అక్క, తన పువ్వులతో తయారైన నిండు గుడ్డను ఒక్కసారి కూడా చూడలేదు.

దీనికి తోడు అక్కది ఎడమచేతి వాటం. అన్నం మాత్రం కుడిచేత్తో తినేలా నాయనమ్మ మొట్టి నేర్పింది. సూది దగ్గర మాత్రం నేర్పలేకపోయింది. అందువల్ల అందరి పువ్వుల రేకలూ ఒకవైపు వాలితే అక్క పువ్వుల రేకలు రెండోవైపు వాలేవి. మిగతావాటితో కలిపితే ఇమిడేవి కావు. ఏజెంటు మొదట్లో తిట్టాడు. తరువాత అక్క పువ్వుల్ని వేరే సంచిలో కట్టుకెళ్ళడం మొదలుపెట్టాడు.

"నీ పువ్వులకి రేవు అవతల ఒకావిడ దొరికిందమ్మా. ఆవిడదీ ఎడంచెయ్యే. ఇక నీకు ఢోకా లేదు" అన్నాడట.

రేవు అవతల అంటే గోదావరికి ఆ ఒడ్డున, సఖినేటిపల్లి వైపు. అంతకుమించి పేరూ చెప్పలేదు, ఊరూ చెప్పలేదు.

పువ్వు పూర్తయ్యాక చివర కాస్త దారం వదిలి తెంచాలి. అతికేవాళ్ళు ఆ కొసతోనే పని మొదలుపెడతారు. దారం తూకానికి ఇచ్చేది కాబట్టి అందరూ కొస పొట్టిగా వదిలేవారు. అక్క మాత్రం పొడుగ్గా వదిలేది. అదేమిటని నేనడిగితే, "ఆవిడ చేతికి అందాలి కదరా" అనేది. ఎన్నడూ చూడని మనిషి చేతి గురించి అంత ఆలోచన ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడూ పూర్తిగా అయిందని చెప్పను.

ఇప్పుడు అక్క రాజమండ్రిలో మా ఇంట్లోనే ఉంటోంది. వచ్చేటప్పుడు తెచ్చుకున్న సామానులో ఒక బిస్కెట్ల రేకుడబ్బా ఉంది. దాని నిండా పువ్వులు. ఏజెంటు ఇచ్చిన దారంలో మిగిలిన ముక్కల్ని ముడివేసుకుంటూ తన కోసం అల్లుకున్నవి. కొన్ని తెల్లగా ఉన్నాయి, కొన్ని పసుపెక్కాయి. ప్రతిదానికీ పొడుగాటి కొస వేలాడుతోంది.

కిందటేడు ఆవిడ చూపు తగ్గడం మొదలైంది. నేరుగా చూస్తే నడిమధ్యన మసక, అంచుల్లో మాత్రం కనిపిస్తుంది. టీవీ చూడాలన్నా, నా ముఖం చూడాలన్నా తల పక్కకి తిప్పుతుంది. కళ్ళ డాక్టరుగారు అన్నీ పరీక్షించి, పోయింది తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనని అన్నారు. ఆయన చెప్పలేనన్నది నాకు నచ్చింది. తెలియనప్పుడు తెలియదని చెప్పడం కూడా ఒక జవాబే.

ఆ రోజు ఆటోలో ఇంటికి వస్తుంటే అక్క అంది.

"ఒరే, ఆ డబ్బాలోవి అతికించి తూర్పు గుమ్మానికి తెర కట్టిద్దామా? పొద్దున్న ఎండ వెనక్కాల పడితే పువ్వులు నల్లగా తేలతాయి. అప్పుడు నాకు కనిపిస్తాయిరా. ఒక్కసారి మొత్తంగా చూడాలని ఉంది."

అదీ విషయం. ఆవిడ చూపు ఉండగానే ఆ పువ్వులు తెర కావాలి.

ముందు పద్ధతి ప్రకారమే వెళ్ళాను. చొక్కా జేబులో ఒక పువ్వు పెట్టుకుని నరసాపురం వెళ్ళి ఏజెంటు ఇల్లు పట్టుకున్నాను. ఏజెంటు పోయాడు. కొడుకు సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్నాడు.

"ఎడంచేతావిడాండీ? ఆయ్, మా నాన్న చెప్పేవారండి. ఎవరో, ఎక్కడో మాత్రం మాకు తెల్దండి. ఆ సంగతులు ఎవరికీ చెప్పేవారు కాదండి. మా అమ్మక్కూడాను" అన్నాడు.

రేవులో పంటు ఎక్కి గోదావరి దాటాను. అవతలి ఒడ్డున టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చున్న పెద్దమనిషిని అడిగాను.

"ఎవరి కోసమండీ?"

"లేసు అతికే ఆవిడ కోసమండి."

"పేరేంటండీ?"

"తెలీదండి."

"ఇంటిపేరు?"

"తెలీదండి."

"పోనీ ఏ ఊరు?"

"రేవు అవతల అన్నారండి."

ఆయన గోదావరి వైపు ఒకసారి చూసి, నన్ను ఒకసారి చూసి, "రేవు అవతలంటే ఇదేనండీ. వచ్చేశారు కూర్చోండి. టీ తాగుతారా?" అన్నాడు. బల్ల మీదున్నవాళ్ళంతా నవ్వారు. వాళ్ళ ముఖాలూ నాకు గుర్తున్నాయి.

ఇక మా ఆవిడ రంగంలోకి దిగింది. ఫోనులో అతుకు వీడియోలు పెట్టుకుని, సూది కొనుక్కుని ప్రయత్నించింది. నాలుగు పువ్వులు కలిపేసరికి అతికినచోట ముడతపడి పువ్వులు గిన్నెల్లా పైకి లేచాయి. తిరగేసి అతికితే కిందకి వంగాయి. ఇస్త్రీ పెడితే అణిగినట్టే అణిగి మళ్ళీ లేచాయి.

"వదినగారూ, ఇవి అప్పడాల్లా పొంగుతున్నాయండీ" అంది.

అక్క వేళ్ళతో తడిమి చూసింది. "నువ్వు కుడిచేత్తో కదమ్మా అతికేది. ఇవి ఎదురు తిరుగుతున్నాయి. అతుకు ఎటునుంచి మొదలెట్టాలో నాకు తెలీదు మరి. నాకు పువ్వు వరకే వచ్చు" అంది.

అప్పుడు మా ఆవిడే ఈ గ్రూపు సంగతి చెప్పింది. లేసులూ, అల్లికలూ, ఊలు పనులూ చేసే తెలుగు ఆడవాళ్ళంతా ఫోనులో ఒకచోట చేరి మాట్లాడుకునే గ్రూపు అది. విజయవాడ, హైదరాబాదు, ఇతర దేశాలు, అన్నిచోట్లనుంచీ ఉన్నారు. అంతమందిలో ఒక్కరికైనా తెలియదా అని నేనూ చేరాను. నా ప్రశ్న ఇలా రాశాను.

'అయ్యా, అమ్మా, నమస్కారం. ఎడమచేతివాటం వారు అల్లిన లేసు పువ్వులను అతికేటప్పుడు ముడతపడుతున్నది. అతుకు పువ్వు ముఖం వైపునుంచి మొదలుపెట్టాలా, వీపు వైపునుంచి మొదలుపెట్టాలా? దయచేసి తెలుపగలరు.'

కింద నాలుగు పువ్వుల ఫోటో పెట్టాను. విషయం ఒక్కటే ఉండాలి, అనవసరమైన సంగతులు రాయకూడదు అన్నది ఆఫీసులో నేర్చుకున్న క్రమశిక్షణ. అందుకని అక్క చూపు గురించి మరో రెండు వాక్యాలు రాశానేగానీ, రేవు అవతలి ఆవిడ గురించి ఏమీ రాయలేదు.

మొదటి జవాబు గ్రూపు నడిపే అడ్మిన్ గారినుంచే వచ్చింది. ఆవిడ రోజూ పొద్దున్నే ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన గులకరాళ్ళ బొమ్మ పెట్టి, దాని మీద ఒక మాట రాస్తారు. నాకు ఇలా రాశారు.

'ఎడమ లేదు, కుడి లేదు. అల్లిక మాత్రమే ఉంది.'

నేను రెండుసార్లు చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఎడమ లేకపోతే ముడత ఎందుకు పడుతోంది?

ఆ తరువాత వరస కట్టారు. 'అతకాలన్న కోరికే ముడత' అని ఒకరు. 'దారాన్ని అడగండి, అదే చెబుతుంది' అని ఇంకొకరు. ఒక గురువుగారు, ఒక శిష్యుడు ఉన్నారట. దారానికి కొస ఎక్కడుంది స్వామీ అని శిష్యుడు అడిగితే, భోంచేశావా అన్నారట గురువుగారు. శిష్యుడికి వెంటనే జ్ఞానోదయం అయిందట. దీని కింద బోలెడుమంది చప్పట్లు కొట్టారు. శిష్యుడు భోంచేశాడో లేదో ఎవరూ రాయలేదు.

సూక్తులు రానివాళ్ళు సలహాలు ఇచ్చారు. అక్కగారికి పొన్నగంటికూర పెట్టండి. క్యారెట్టు రసం తాగించండి. అరికాళ్ళకు ఆముదం రాయండి. ఈ వయసులో ఆవిడచేత ఇంకా పని చేయిస్తున్నారా, మీకు మనసెలా వచ్చిందండీ? మిషను మీద చేసిన తెరలు ఆన్‌లైనులో దొరుకుతాయి, లింకు కావాలా? జిగురుతో అంటించెయ్యండి. ఆడవాళ్ళ గ్రూపులో మగాళ్ళకేం పని?

ప్రతి ఒక్కరికీ ఓపికగా, 'మీ స్పందనకు కృతజ్ఞతలు. నా ప్రశ్న అది కాదు. ముఖం వైపునుంచా, వీపు వైపునుంచా?' అని రాశాను. పదిమందికి అలా రాసేసరికి, 'సార్, జవాబు రాకపోవడమే జవాబు' అని ఒకావిడ తేల్చేసింది. మా ఆఫీసులో దాన్ని పెండింగు అనేవాళ్ళం.

నేను మొండివాడినే గానీ మూర్ఖుణ్ణి కాదు. ఇంతమంది ఒకేలా మాట్లాడుతున్నారంటే నాకే ఏదో అందడం లేదేమోనన్న అనుమానం వచ్చింది. ఒక మధ్యాహ్నం వరండాలో కూర్చుని, ఒక పువ్వు అరచేతిలో పెట్టుకుని, దాని కొస వంక చూస్తూ వాళ్ళు చెప్పినట్టే అడిగాను. మా ఆవిడ వచ్చి నిలబడింది.

"ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?"

"దారంతో."

"ఏమంటోంది?"

"ఏమీ అనడం లేదు."

"అయితే నాతో మాట్లాడండి. గ్యాసు అయిపోయింది."

నన్ను ఎక్కువ అయోమయంలో పడేసింది మాత్రం మా అక్క. ఈ సమాధానాలన్నీ ఆవిడకు చదివి వినిపించాను. నాతో పాటు కోపగించుకుంటుందని నా ఆశ. ఆవిడ తల పక్కకి తిప్పి, కిటికీ అంచు చూస్తూ, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

"ఆ గురువుగారి కథ మళ్ళీ చదవరా."

"ఎందుకక్కా? అందులో ఏముంది?"

"ఏముందో తెలీదు. బావుంది. పాపం ఎవరో ఆలోచించి రాసినట్టున్నారు."

"నీ తెర సంగతి ఒక్కళ్ళూ చెప్పడం లేదే!"

"వాళ్ళకీ తెలీదేమోరా. తెలీదని చెప్పడానికి మొహమాటపడి ఇలా చెబుతున్నారేమో."

ఆ మాటతో నా కోపం ఇంకా పెరిగింది. తెలియదని చెప్పడానికి మొహమాటమేమిటి? అప్పటినుంచీ అక్క రోజూ పొద్దున్న కాఫీ తాగుతూ, "ఇవాళ రాళ్ళావిడ ఏం రాసిందిరా?" అని అడగడం మొదలుపెట్టింది. నేను పళ్ళు బిగించి చదివేవాణ్ణి. ఆవిడ తల ఊపేది.

ఇంతలో ఒకావిడ నా ఫోటో కింద, 'ఆ వేలాడే దారాలు చూడ్డానికి బాగాలేవండి, కత్తిరించి ఫోటో పెట్టాల్సింది' అని రాసింది. అక్కకు చదివాను. మొదటిసారి ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

"కొస కత్తిరించొద్దని చెప్పు. అది నాది కాదు. అందుకునేవాళ్ళది."

ఉన్నది ఉన్నట్టు టైపు చేసి, 'మా అక్కగారి సమాధానం' అని రాసి పెట్టాను.

సాయంత్రానికి ఫోను ఆగకుండా మోగుతూనే ఉంది. 'కొస నాది కాదు, అందుకునేవాళ్ళది' అన్న మాటను ఎవరెవరో తమ పేజీల్లో పెట్టుకున్నారు. కన్నీళ్ళు ఆగలేదని రాశారు. అమ్మా, మీ పాదాలకు నమస్కారం అన్నారు. ఉద్యోగం మానేద్దామా వద్దా అని తేల్చుకోలేకపోతున్న ఒకమ్మాయికి ఈ మాటతో దారి దొరికిందట. లేసు దారం కొసకీ ఆవిడ ఉద్యోగానికీ సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ నమస్కారాలన్నిటికీ పైన నా ప్రశ్న అలాగే ఉంది. దాన్ని దాటుకునే అందరూ కిందకు వెళ్ళారు, సామర్లకోటలో నా విస్తరిని దాటినట్టు.

రెండు రోజుల తరువాత అడ్మిన్ గారు ఫోను చేశారు.

"సార్, అక్కగారు చెప్పిన మాట చదివాక నాకు రాయడానికి ఏమీ తోచడం లేదండి. ఆవిడ జెన్, సార్, ఆ జపాను గురువుల్లాగా."

"మా అక్క నరసాపురం మనిషండి."

"అదేనండి, తనకి తెలీకుండానే జెన్. ఆవిడతో ఒక లైవ్ చేద్దామండి. అందరూ అడుగుతున్నారు."

"చేద్దామండి. నా ప్రశ్న సంగతేంటి?"

"ఏ ప్రశ్నండి?"

నేను ఫోను ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకున్నాను. తరువాత మొదటినుంచీ చెప్పాను. ఆవిడ శ్రద్ధగానే విన్నారు. లైవ్ చివర్లో నేను స్వయంగా ప్రశ్న అడిగేలా, చూస్తున్నవాళ్ళలో తెలిసినవాళ్ళు జవాబు చెప్పేలా ఒప్పుకున్నారు. "తప్పకుండా సార్. ప్రశ్నే కదా దీపం" అన్నారు. దీపం సంగతి నేను పట్టించుకోలేదు. ఒప్పుకున్నారు, అది చాలు.

అక్క ఒప్పుకోదనుకున్నాను. ముక్కూ ముఖం తెలియనివాళ్ళతో మాట్లాడే మనిషి కాదు. కానీ చెప్పగానే, "ఎంతమంది చూస్తారు?" అని అడిగింది. చాలామంది అన్నాను. "మన వైపువాళ్ళు కూడా చూస్తారా?" అంది. చూడొచ్చు అన్నాను. ఆదివారం పొద్దున్నే తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, రేకుడబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మా ఆవిడ ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టింది. అడ్మిన్ గారు మెత్తగా మొదలుపెట్టారు.

"అమ్మా, ఇంత ఓపిక మీకు ఎలా వచ్చింది?"

"కూర్చుంటే వస్తుందమ్మా. నడుంనొప్పి కూడా వస్తుంది."

ఫోను తెర మీద ఎర్రటి గుండెల బొమ్మలు ఎగిరాయి.

"మనసు చెదిరితే ఏం చేస్తారమ్మా?"

"ముడి పడుద్ది. విప్పుకుంటాను."

మళ్ళీ గుండెలు.

"ఇన్నేళ్ళు ఎవరి కోసం అల్లారు?"

"ఏజెంటు కోసం."

'ఎంత నిరాడంబరత!' అని ఒకరు రాశారు. నేను మా ఆవిడ వంక చూశాను. ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్క ఉన్నట్టుండి ముందుకు వంగింది. ఫోనును నేరుగా చూస్తే కనబడదు కాబట్టి తల బాగా పక్కకి తిప్పింది. చూసేవాళ్ళకు ఆవిడ గోడతో మాట్లాడుతున్నట్టు ఉండి ఉంటుంది.

"అమ్మా, మీలో రేవు అవతలివాళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

ఒక్కసారిగా వచ్చిపడ్డాయి మాటలు. 'మనమందరం ఇవతలే ఉన్నాం తల్లీ.' 'దాటించేది మీరే.' 'అవతలి ఒడ్డు మనలోనే ఉంది.' ఒక్కోటీ చదువుతూ పోయాను. ఎక్కడైనా ఒక్కరు, 'మాది సఖినేటిపల్లి అండి' అని రాస్తారేమోనని చూశాను. అక్క, "ఏమన్నార్రా? ఏమన్నార్రా?" అని నన్ను అడుగుతోంది. "చూస్తున్నానక్కా" అన్నాను.

ఇక ఆగలేక ఫోను ముందుకు వచ్చాను. "నమస్కారమండి. నేను ఆవిడ తమ్ముణ్ణి. నా ప్రశ్న ఏమిటంటే" అంటుండగానే అడ్మిన్ గారు కళ్ళు మూసుకున్నారు.

"ఇంత గొప్ప ప్రశ్న తరువాత ఇక ఏ ప్రశ్నా అడగలేం. అమ్మగారి ప్రశ్నతోనే, ఒక నిమిషం మౌనంతో ముగిద్దాం" అన్నారు.

అందరూ మౌనంగా ఉన్నారు. నేనూ ఉండాల్సి వచ్చింది. నోరు తెరిచిన మనిషిని తెరిచినట్టే కూర్చోబెట్టి మౌనం పాటించారు. ఆ తరువాత ఫోను తెర నల్లబడింది.

మా ఆవిడ ఫోను తీసి ఛార్జింగులో పెట్టింది. అక్క డబ్బా మూత బిగిస్తూ అడిగింది.

"ఆవిడ విని ఉంటుందంటావా?"

"ఎవరక్కా?"

"అతికే ఆవిడరా. ఆవిడ ఉంటే తెలుసుకుంటుందనే కదా కూర్చున్నాను. ఆవిడకి ఫోను ఉండకపోవచ్చులే. కూతురికో, కోడలికో ఉంటుంది కదా."

నాకు అప్పుడు కొంత అర్థమైంది. నేను ఎలా అతకాలో అడుగుతున్నాను. అక్క మొదటినుంచీ అతికే మనిషి కోసం అడుగుతోంది. ఆవిడ దొరికితే ముఖమా, వీపా అన్నది అడగక్కర్లేదు. ఆవిడ చేతికే తెలుసు.

ఆ రోజే గ్రూపులో కొత్తగా రాశాను. ఈసారి అనవసరమనుకున్న సంగతులన్నీ రాశాను. రేవు, ఏజెంటు, వేరే సంచి, ఎడమచెయ్యి, పొడుగు కొస. తెల్లారేసరికి నా పోస్టు లేదు. 'మనుషులను వెతికే పోస్టులకు ఇక్కడ అనుమతి లేదు. లోపల వెతకండి' అని ఒక ముక్క వచ్చింది. దాని పైన ఆ పూట గులకరాళ్ళ బొమ్మ ఉంది. బొమ్మ మీద, 'కొస నాది కాదు, అందుకునేవాళ్ళది' అని పెద్ద అక్షరాల్లో రాసి, కింద 'జెన్ సూక్తి' అని పెట్టారు. మా అక్క మాట అని ఎక్కడా లేదు.

"ఇవాళ రాళ్ళావిడ ఏం రాసిందిరా?" అంది అక్క కాఫీ గ్లాసు పట్టుకుని.

చదివాను.

"బావుంది" అంది. ఒక గుక్క తాగి, "ఎక్కడో విన్నట్టుందే" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆవిడ నవ్వడం చూస్తే నాకు అసలు ఈ లోకంలో ఎవరు ఎవర్ని వెక్కిరిస్తున్నారో తెలియకుండా పోయింది.

పోయిన వారం అక్క గ్లాసు అందుకోబోయి గ్లాసు పక్కన బల్లను పట్టుకుంది. ఏమీ జరగనట్టు చెయ్యి జరిపి గ్లాసు తీసుకుంది. నేను చూడలేదనుకుంది. నేను చూశాను. తూర్పు గుమ్మానికి మేకులు కొట్టించి, తెర వేలాడదీయడానికి కర్ర కూడా బిగించాను. పొద్దున్న ఎండ ఆ ఖాళీ గుమ్మంలోంచి వచ్చి నేల మీద పడుతోంది. అక్క కుర్చీ అక్కడే వేసుకుని, ఒళ్ళో డబ్బా పెట్టుకుని, కొసలు చిక్కుపడకుండా ఒక్కో పువ్వునూ విడదీస్తూ కూర్చుంటోంది.

అందుకని అడుగుతున్నాను. రేవు అవతలి అమ్మా, మీరెవరో నాకు తెలియదు. నరసాపురం ఏజెంటు మీకు వేరే సంచిలో పువ్వులు తెచ్చేవాడు. వాటి రేకలు మిగతావాళ్ళ పువ్వులకు ఎదురుగా వాలేవి. కొసలు మిగతావాళ్ళ కొసలకంటే పొడుగ్గా ఉండేవి. మీరు గమనించే ఉంటారు. అవి వదిలింది మా అక్క. మీకు ఓపిక ఉంటే మేమే పంటు ఎక్కి వస్తాం, డబ్బా తెస్తాం. మీరు లేకపోతే మీ చేతిపని చూసిన కూతురో, కోడలో ముఖం వైపునుంచా, వీపు వైపునుంచా అన్న ఒక్క ముక్క చెప్పినా చాలు. తెలియకపోతే తెలియదని చెప్పండి, అదీ తీసుకుంటాను. గులకరాళ్ళు వద్దు, తామరపువ్వులు వద్దు, మౌనం అసలే వద్దు. మా అక్కకు ఇంకా అంచులు కనిపిస్తున్నాయి. ఈలోగా ఎవరో ఒకరు నాకు జవాబు చెప్పండి.